పదమూడో ట్యూబు

నీరజ అబద్ధం చెప్పడం లేదు. చెప్పాల్సింది చెప్పడం లేదు. ఈ రెండింటికీ తేడా పట్టుకోవడానికే పదకొండేళ్లు పోలీసు శాఖలో మనస్తత్వ నిపుణుడిగా జీతం తీసుకున్నాను. అబద్ధమాడేవాళ్లు మన కళ్లలోకి చూస్తారు, నమ్మామో లేదో వాళ్లకు తెలియాలి కనుక. దాచేవాళ్లు వస్తువులు సర్దుతారు. నేను వచ్చి కూర్చున్నప్పటి నుంచి ఈ ల్యాబు టెక్నీషియన్ అమ్మాయి ఒకే ట్యూబుల స్టాండును మూడుసార్లు జరిపింది.

"మళ్లీ చెప్పమ్మా. చాందీ రక్తం ఈ ల్యాబుకు ఎన్నింటికి వచ్చింది?"

"పదకొండు ఇరవైకి సార్. బుక్కుల రాసి ఉన్నది."

"ఏ రోజు?"

"నవమి నాడు, బుధవారం. తెల్లారి దసరా సెలవు గద. గందుకే పన్నెండు మందియి ఒక్కపారే పంపిన్రు."

గోడ గడియారంలో పన్నెండూ నలభై. నాకు సాయంత్రం ఐదు వరకే సమయం ఉంది. నాకంటే మంగ్యాకు అనడం సరైనది.

చాందీ డోర్నకల్ దగ్గరి తండా మనిషి. ముప్పై నాలుగేళ్లు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయి పత్తి ఏరలేకపోయేది. కొత్త ఇంజెక్షన్‌ను పరీక్షిస్తున్న ఒక సంస్థ ఆమెను తన పరిశోధనలో చేర్చుకుంది. మొన్న శుక్రవారం ఉదయం పదిన్నరకు మహబూబాబాద్ క్యాంపులో సూది వేశారు. ఒంటిగంటకు చలిజ్వరం, మూడింటికి వాంతులు, రాత్రి ఏడూ నలభైకి దవాఖానలో ప్రాణం పోయింది. భర్త మంగ్యా ఆ ఉదయమే చేనుకు పురుగుమందు కొట్టి వచ్చాడు. డబ్బా మూత తీసి ఇంట్లోనే ఉంది. ముందు రోజు మొగుడూ పెళ్లాల మధ్య గొడవ జరిగింది. నిన్న సాయంత్రం ఐదింటికి సీఐ విజయ్ అతన్ని అరెస్టు చేశాడు. ఈ రోజు ఐదు లోపల హత్యానేరం కింద మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఇలాంటి పరిశోధనల మంచిచెడ్డలు చూడటానికి ఒక సంఘం ఉంటుంది. ఆ సంఘం నన్ను జనగామకు పంపింది. వాళ్లకు కావలసింది ఒకే జవాబు. సూదికి ముందు ఈ ల్యాబు చాందీ రక్తం మీద ఇచ్చిన రిపోర్టు నిజమేనా? నిజమైతే ఆమె చావుకు సూదిమందు కారణం కాదు. అప్పుడు మిగిలేది మంగ్యా ఒక్కడే.

పరీక్ష ఎలా చేస్తారో చెప్పమని నీరజను అడిగాను. నాకు తెలియక కాదు. తనకు బాగా వచ్చిన పని గురించి చెప్పేటప్పుడు మనిషి జాగ్రత్త కాస్త సడలుతుంది.

"రక్తంల జరంత మందు కలిపి నాలుగు గంటలు పెడ్తం సార్. ఈ మందు శానమందికి మంచిగనే పని చేస్తది. కొందరికి ఉల్టా కొడ్తది. ఒంట్ల మనల్ని కాపాడే కణాలుంటయి గద, అవన్నీ ఒక్కపారే లేస్తయి. గట్ల లేసిన కణం మీద ఒక గుర్తు వస్తది. సీడీ అరవై తొమ్మిది అంటం. ఆ గుర్తును పట్టుకునే యాంటీబాడీ మా తాన ఉంటది, దానికి ఆకుపచ్చ రంగు తలిగించి ఇస్తరు. కణం లేస్తే గది పోయి అతుక్కుంటది. మెషిన్ల లేజర్ పడంగనే మెరుస్తది. కణం లేవకుంటే అతుక్కునేటందుకు ఏం లేదు, కడిగితే పోతది. చీకటే."

చెబుతున్నంతసేపూ ఆమె చేతులు నిలకడగా ఉన్నాయి.

"మెరిస్తే?"

"ఆ మనిషికి సూది ఇయ్యొద్దు."

"చాందీకి ఏం వచ్చింది?"

"చీకటి." స్టాండు నాలుగోసారి జరిగింది.

"చివరి ట్యూబు యంత్రంలో ఎప్పుడు పెట్టావు?"

"ఆరుంబావుకు సార్. గదిల లైట్లన్ని ఆర్పేసి చేస్తం, వెలుతురు తాకితే రంగు చస్తది. ఆరుంబావుకు మల్ల లైట్లేసిన, గందుకే యాదికున్నది."

"రిపోర్టు మీద రాత్రి పది యాభై అని ఉంది."

ఆమె జవాబు ఇవ్వలేదు. నేను తొందరపెట్టలేదు. మౌనాన్ని ముందు ఎవరు భరించలేకపోతే వాళ్లు మాట్లాడతారు. నాకు అది అలవాటే. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

"నర్సింగరావు సార్ మల్ల ఒకపారి నడిపిండట," అంది చివరికి. నర్సింగరావు ఈ ల్యాబుకు పెద్ద.

"రెండోసారి నడపడానికి రక్తం మిగిలిందా?"

"సార్, నేను దేవరుప్పుల నుంచి రోజూ బస్సుల వస్త. ఇంట్ల నాదొక్కదాందే నౌకరి."

"నేను అడిగింది రక్తం గురించి."

"మిగల్లే," అంది, నేలను చూస్తూ.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

సీఐ విజయ్ లోపలికి వస్తూనే నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. నిద్ర లేని కళ్లు. నేను శాఖలో ఉన్నప్పుడు నా దగ్గర రెండు రోజుల శిక్షణకు వచ్చి, రెండో రోజు మధ్యాహ్నం వెళ్లిపోయిన మనిషి.

"ఏంది డాక్టర్ సాబ్, ఈ పిల్ల కలలేమన్న విప్పి చూస్తున్నరా?"

"ఇంకా లేదు. మీ కలల దగ్గర ఆగాను."

"నా కలల ఏముంటది సాబ్, ట్రాఫిక్ డ్యూటీ." నవ్వకుండానే అన్నాడు. "ఆ రిపోర్టు మీద మీరొక సంతకం గీకితే నేను పోత. కోర్టుకు యాళ్లయితున్నది. డబ్బా మీద వాని ఏలిముద్రలున్నయి."

"పత్తి రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా మీద అతని వేలిముద్రలు లేకపోతే నేను అనుమానించేవాణ్ణి."

"మరి లొల్లి? ముందు రోజు తండా అంతా విన్నది."

"దేని గురించి గొడవ?"

"మొగడు పెండ్లాం లొల్లి. దేనిగురించైతే ఏంది?"

"సూదికి పోవద్దన్నాడు. పొద్దున తండాలో ఆరుగురిని అడిగాను, ఆరుగురూ అదే చెప్పారు. మీ కాగితాల్లో మాత్రం వట్టి 'కుటుంబ కలహం' అని రాసుంది. చంపదలచుకున్నవాడు ఆమె ప్రాణానికి భయపడి ముందు రోజు పోట్లాడతాడా?"

"తండోల్లకు సూదంటే భయం. మందు మంచిదే."

"మీకెలా తెలుసు?"

"తెలుసు. గంతే."

ఆ 'గంతే' దగ్గర ఆగిపోయాను. నిందితుడి మీద పగ పట్టిన పోలీసుల్ని చూశాను, కేసు మూసేసి ఇంటికి పోవాలనుకునేవాళ్లను చూశాను. ఇతనిలో ఆ రెండూ లేవు. మంగ్యా పేరు వచ్చినప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది. మందు పేరు వచ్చినప్పుడు మారింది. మంగ్యా దోషి కావడం కంటే మందు నిర్దోషి కావడం ఇతనికి ఎక్కువ అవసరం. ఎందుకో నాకు అంతుపట్టలేదు. డబ్బు తీసుకునే రకం కాదు.

అతని ఫోన్ మోగింది. పేరు చూడగానే గొంతు పదేళ్లు చిన్నదైంది.

"ఆఁ, చెప్పే. తిన్నవా? ఖాళీ కడుపుతోని పోకు... రెండింటికంటె ఇంక యాళ్లున్నది... జనం ఎక్కువుంటె లైన్ల నిలవడకు, కుర్సీ అడుగు. నా పేరు చెప్పు. సరే, సరే. పెట్టెయ్."

నేను చూస్తున్నానని గమనించి, "మా అవ్వ," అన్నాడు, తల్లిని ఉద్దేశించి. "దవాఖాన పని."

"సంతకం చేస్తాను," అన్నాను లేస్తూ. "ముందు యంత్రం ఉన్న గది చూడాలి. మీరూ రండి."

నీరజ చూపించిన గది తలుపు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఫ్రిజ్ మీద ఒకటి. రక్తం తిప్పే మెషిన్ మూత మీద ఒకటి. లేజర్ యంత్రానికి నుదురనుకున్న చోట పెద్దది. కంప్యూటర్‌కూ పెట్టారు. అన్నీ ఎండి, అంచులు పగిలి ఉన్నాయి.

ల్యాబు అటెండర్ భద్రయ్య టీ గ్లాసులతో వచ్చాడు. పెద్దమనిషి. నేను బొట్లు చూడటం చూసి సంబరపడ్డాడు.

"నవమి నాడు పొద్దుగాల ఎనిమిదిన్నరకు పూజ చేసిన సార్. పెద్ద సారే చెయ్యమన్నడు. ఒక్క సామాను ఇడిసిపెట్టలే."

"పన్నెండు రోజులైంది కదా, తుడవలేదా?"

"బొట్టు తుడుస్తరా సార్? దానంతటది పోవాలె గని."

నేను వరసగా చూసుకుంటూ పోయాను. ప్రతి వస్తువుకూ బొట్టు ఉంది. చెత్తబుట్టకు కూడా పెట్టాడు, కొంచెం మొహమాటంగా, వెనకవైపున. సింకు పక్కన ఆరబెట్టిన ఒక గాజు సీసా దగ్గరికి వచ్చేసరికి వరస తెగింది. దాని మెడ తళతళలాడుతోంది.

"దీనికి పెట్టడం మరిచిపోయావా భద్రయ్యా?"

"మరుస్తనా సార్? దీనికే ఎక్కువ రాసిన. ఇది లేకుంటె ఒక్క పని గాదని నీరజమ్మ అంటనే ఉంటది. మెడ సుట్టూ నిండుగ రాసిన." దగ్గరికి వచ్చి చూశాడు. మొహం చిన్నబోయింది. "ఎవలో తుడిసిన్రు. గిట్ల తుడువొద్దు సార్."

"ఇందులో ఏం ఉంటుంది నీరజా?"

"కడిగే నీళ్లు. ఉప్పు, సీరం కలిపి చేస్తం. ఆ బుధవారం చేసినయి ఆ ఒక్కదినమే అయిపోయినయి. ఆనాటి సంది కొత్త బ్యాచ్ రాలే, సీసా గట్లనే ఉన్నది."

"ప్రతి ట్యూబులోనూ దీన్నుంచే పోస్తావా?"

"వంచి పోస్త సార్. మూడేసి సార్లు."

"చీకట్లో."

ఆమె సీసా మెడ వైపు చూసింది. అప్పటికే ఆమెకు ఏదో తడుతున్నట్టుంది.

నా తాళాల గుత్తికి ఒక చిన్న ఊదారంగు టార్చి ఉంటుంది. దొంగనోట్లు పట్టుకోవడానికి కిరాణా దుకాణాల్లో వాడేది. లైట్లు ఆర్పమన్నాను. తలుపు మీద, ఫ్రిజ్ మీద, యంత్రం నుదుట భద్రయ్య వేళ్ల జాడలు పచ్చని మంటల్లా లేచాయి. సీసా మెడ దగ్గరికి టార్చి తెచ్చాను. తుడిచిన గాజు నల్లగా ఉంది. మూత బిగించే మరల గాడిలో మాత్రం, గుడ్డ దూరని చోట, సన్నటి పచ్చని దారం చుట్టూ వెలిగింది.

చీకట్లో నీరజ ఊపిరి వినిపించింది.

"పసుపు," అంది. "లేజర్ పడితె ఇది గూడ ఆకుపచ్చగనే మెరుస్తది సార్. సీరంల కరుగుతది. కణాలకు అతుక్కుంటది. నాకెందుకు తట్టలే?"

"ఏం చూశావు ఆ రోజు?"

ఆమెకు ఇక సర్దడానికి వస్తువులు కనిపించలేదు. చీకటి అందుకు కొంత సాయం చేసింది. లైటు వేయబోతున్న విజయ్ చేతిని ఆపాను.

"అన్నీ మెరిసినయి సార్. పన్నెండుకు పన్నెండు. నిజంగ ఉల్టా కొట్టినా వందకు ఇరవయ్యో ముప్పయ్యో కణాలే మెరుస్తయి. ఆ దినం ప్రతి కణం మెరిసింది. సార్‌ను పిలిచిన. సూసి, మెషిన్ ఖరాబైంది, నువ్వు ఇంటికి పో అన్నడు. సెలవైనంక వచ్చి సూస్తె అన్ని రిపోర్టులు చీకటున్నయి. బాగు చేసిండనుకున్న. అనుకోవాలె అనుకున్న."

లైటు వేశాను. విజయ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మంచిగున్నది కత," అన్నాడు. "సీసకు పసుపంటితె మంగ్యాగాడు మంచోడైపోతడా? ఆ సారు మార్చింది కండ్లతోని సూసినమా?"

"ఆ రోజు ట్యూబులు ఎన్ని?" అని నీరజను అడిగాను.

"పన్నెండు." ఒక్క క్షణం ఆగి, "పదమూడు," అంది. "ప్రతి బ్యాచ్‌ల ఒక ఖాళీ ట్యూబు పెడ్తం సార్. కణాలుంటయి, యాంటీబాడీ ఎయ్యం. మెషిన్ ఉత్తగనే ఎంత సూస్తదో ఎరుక గావాలె గద. అది రిపోర్టుల అచ్చు గాదు. దాన్ని ఎవలు అడగరు."

"నేను అడుగుతున్నాను."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. నవమి నాటి ఫోల్డర్ తెరిచింది. పదమూడో ఫైలు, సాయంత్రం ఆరూ పదిహేను. కణాల మెరుపును కొలిచే గీత తెర మీద ఒక గుట్టలా లేచింది. ఎడమ అంచున చీకట్లో ఉండాల్సిన గుట్ట మొత్తం కుడివైపు, ఆకుపచ్చ కొసన నిలబడి ఉంది. దాని పక్కనే చాందీ ఫైలు తెరిచింది. గుట్ట ఎడమ అంచున, బుద్ధిగా, చీకట్లో.

"సీఐ గారూ, రెండు ట్యూబులు. ఒకే నీళ్లతో కడిగారు. రంగు అసలే వేయనిది మెరుస్తోంది. రంగు వేసింది చీకటిగా ఉంది. ఇది సాధ్యమా?"

అతను తెర దగ్గరికి వంగాడు.

"ఈ చీకటి ఆ బుధవారం రక్తానిది కాదు. పూజకు ముందు ఎప్పుడో పరీక్షించిన ఇంకెవరిదో ఫైలు. దానికి చాందీ పేరు పెట్టారు. ఆమె కణాలు నిజంగా లేచాయో లేదో ఈ ల్యాబులో ఎవరూ చూడలేదు. చూడకుండానే సూది వేశారు."

నర్సింగరావును నేను కలవలేదు. అయినా ఆ రాత్రి పది గంటలకు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి నాకు కనిపిస్తున్నాడు. సీసా మెడ తుడిచాడంటే కారణం తెలిసినవాడే. పైవాళ్లకు ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది: మేం చేసిన పూజ పసుపు వల్ల పరీక్ష చెడింది, మళ్లీ రక్తం తీయాలి. ఆ వాక్యం చదివి నగరంలో ఎవరో నవ్వుతారు. ఆ నవ్వును అతను భరించలేకపోయాడు. అప్పటికి తొంభై మందిని పరీక్షిస్తే ఇద్దరికే మెరిసింది. ఇదీ చీకటే అయి ఉంటుందని తనను తాను నమ్మించుకున్నాడు. దుర్మార్గుల కంటే నేను ఎప్పుడూ ఎక్కువ భయపడింది ఇలాంటి సిగ్గరులకే.

"సరే," అన్నాడు విజయ్. "ఒక్క చాందీది మార్చిండు. ఒక్క తప్పు చేసిండు. గంతమాత్రాన మందు—"

"ఒక్కటి గాదు సార్," అంది నీరజ.

ఆమె ఫైళ్ల పక్కన సమయాల మీద వేలు పెట్టి కిందికి జరుపుతోంది. పది ముప్పై ఎనిమిది. పది ముప్పై తొమ్మిది. మళ్లీ ముప్పై తొమ్మిదే. చివరిది పది నలభై ఏడు.

"ఒక ట్యూబు నడవాలంటెనే నాలుగు నిమిషాలు పడ్తది. తొమ్మిది నిమిషాల పన్నెండు నడవయి. పన్నెండు మందియి ఎక్కడియో తెచ్చి పెట్టిండు."

నా తప్పు అప్పుడు నాకు తెలిసింది. పొద్దుటి నుంచి ఒక చనిపోయిన మనిషి కాగితం వెనక తిరుగుతున్నాను. ఆమెతో పాటు వచ్చిన పదకొండు ట్యూబులను వాటి వెనకున్న మనుషులుగా లెక్కలోకి తీసుకోలేదు.

"మిగతా పదకొండు మంది ఎవరు?"

నీరజ రిజిస్టరు తీసింది. "మహబూబాబాద్‌ది చాందీ ఒక్కతే సార్. పదకొండు మంది భూపాలపల్లి దిక్కు. రేగొండ క్యాంపు." ఆగింది. "వాళ్లకు సూది ఈ దినమే. నర్సింగరావు సార్ ఆడికే పోయిండు."

"ఎన్నింటికి?"

"రెండింటికి."

ఒంటిగంటా యాభై ఒకటి. ఇక్కడి నుంచి రేగొండకు ఎంత తోలినా రెండు గంటలు. నర్సింగరావుకు ఫోన్ చేశాను. స్విచాఫ్. క్యాంపు నంబరు అడిగాను. అదే నంబరు.

"పేర్లు చదువు నీరజా. అక్కడి స్టేషన్‌కు చెప్పి ఒక్కొక్కరినీ ఆపిద్దాం. సీఐ గారూ, రేగొండ ఎస్సైకి—"

విజయ్ నా మాట వినడం లేదు. నీరజ చేతిలోంచి రిజిస్టరు లాక్కున్నాడు. అతని వేలు వరసల మీద వేగంగా దిగి, ఏడో వరస మీద ఆగింది. వేలు ఎత్తలేదు. అక్కడ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: కట్టమ్మ, అరవై ఆరు, రేగొండ, మోకాళ్లు, మణికట్లు.

అప్పుడు నాకు ఆ 'గంతే' అర్థమైంది. మందు మంచిదని అతనికి తెలియడం కాదు. మంచిది కాకపోతే తను ఏం చేసినట్టో అతను ఆలోచించలేడు.

"నేనే రాయించిన," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "వద్దన్నది. నేనే కొట్లాడి రాయించిన."

ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. గదిలో అందరికీ వినిపించేలా మోగుతోంది. అయిదోసారి, ఆరోసారి. ఎత్తారు.

"అవ్వా, నువ్వు బయటికి రా. ఏం అడగకు, లేసి బయటికి రా."

"అవ్వ గాదు బిడ్డా, నేను రామిని." ఎవరో ముసలి గొంతు, వెనక జనం సందడి. "మీ అవ్వ పక్క కుర్సీల కూసున్న. సంచి పట్టుకొమ్మని నా చేతికిచ్చింది. ఫోను సంచిల మోగుతనే ఉన్నది."

"ఏడికి పోయింది?"

"లోపటికి. రెండింటికన్నరు గని, నీ పేరు చెప్పంగనే సీఐ సారు తల్లి అని పెద్ద డాక్టరే లేసి వచ్చిండు బిడ్డా. అందరికన్న ముందుగాల తీస్కపోయిండు."